పౌర్ణమినాటి చీకటి



మొన్న గాలివానకు కరెంటు పోయిన రాత్రి మన సంఘం వాట్సాప్‌లో ఒక చెల్లెలు, "అయ్యగారూ, 2021 మళ్ళీ వస్తాదా?" అని అడిగింది. వస్తుందో రాదో ప్రభువుకే ఎరుక. కానీ ఆ రోజుల్లో చిన్నపిల్లలుగా ఉన్నవారు ఇప్పుడు యవ్వనస్థుల కూటానికి వస్తున్నారు. వారి కోసమైనా ఆ నాలుగు రాత్రుల సంగతి రాసిపెట్టాలనిపించింది.

అప్పటికి మనది ఇంకా చిత్తూరు జిల్లానే, తిరుపతి జిల్లా ఏర్పడలేదు. నవంబరు 18న మొదలైన వాన తిరుపతి వీధులను వాగులు చేసింది. బంగాళాఖాతంలోని వాయుగుండం 19 తెల్లవారుజామున పుదుచ్చేరి, చెన్నైల మధ్య తీరం దాటింది. కొండమీదికి వెళ్ళే దారులు మూసేశారు. స్వర్ణముఖి ఒడ్లు ఒరుసుకుని పారింది. ఆ తర్వాత రాయలచెరువు కట్టకు లీకు పడిందని కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. కడప జిల్లాలో చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఎన్నో ఇండ్లలో దీపాలే ఆరిపోయాయి. ఆ దుఃఖం ముందు మా ఊళ్ళో నాలుగు రాత్రులు కరెంటు లేకపోవడం ఏపాటిది? దాన్ని కష్టమని చెప్పుకోవడానికే సిగ్గుపడతాము.

ఆ 19వ తేదీ కార్తీక పౌర్ణమి. ఆకాశంలో నిండు చందమామ ఉండి కూడా మా వీధిలో మనిషికి మనిషి కనిపించలేదు.

మొదటి రాత్రి ఎవరికీ దిగులు లేదు, పొద్దునకు వచ్చేస్తుందిలే అనుకున్నాము. రెండో రోజుకు మిద్దె మీది ట్యాంకు అడుగంటింది. మోటారు లేదు కాబట్టి బోరింగు దగ్గర బిందెల వరుస మొదలైంది. మిక్సీ లేదు, గ్రైండరు లేదు. అమ్మగారు పెరట్లో బోర్లించిన రోలు కడిగి శెనక్కాయల ఊరుబిండి నూరారు, మా పిల్లలు సంగటిని మారు అడిగి తిన్నారు. (ఇప్పటికీ ఆ రుచి మిక్సీకి రాదని ఇంట్లో వాదన నడుస్తూనే ఉంది.) కరోనా వలన అంతకు ముందు క్రిస్మస్‌కు మందిరంలో మనుషులు పలచబడ్డారు కదా, అప్పుడు మిగిలిన కొవ్వొత్తులు అర డబ్బా దొరికితే ఇంటికి రెండు చొప్పున పంచాము. షుగరున్న ఒక సహోదరుడు ఇన్సులిన్ సీసా పాడైపోతుందని కంగారుపడితే, తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో, నీళ్ళు తగలకుండా పెట్టించాము. వాడుతున్న సీసా చల్లటి చోట ఉంటే నాలుగు వారాల వరకు ఫ్రిజ్ లేకున్నా పరవాలేదని ఆయనకు డాక్టరే చెప్పి ఉన్నారట, భయంలో మరచిపోయారు.

అసలు కష్టం ఆయాసమున్న అవ్వది. మన సంఘంలో ముందు వరుసలో గోడకానుకుని కూర్చునే ఆమెనే చెబుతున్నాము. పూటకొకసారి నెబులైజరు పెట్టకపోతే ఆమెకు ఊపిరి ఆడదు. రెండో రోజు సాయంత్రానికి ఆమె పడుకోలేక మంచం పట్టె పట్టుకుని కూర్చునే ఉంది. వాగు పొంగి ఆసుపత్రికి దారి లేదు.

మన వీధి చివర షామియానా కొట్టు భాయ్ ఉన్నారు కదా. కార్తీకమాసం పెండ్లిండ్లకని సిద్ధం చేసుకున్న జనరేటరు వానకు ఖాళీగా పడి ఉంది. మేము అడగకముందే ఆయన దాన్ని తోపుడుబండి మీద పెట్టుకుని, నెత్తిన గోనెసంచి కప్పుకుని వచ్చేశారు. బాడుగ మాట ఎత్తితే, "ముందు అవ్వ సంగతి చూడండయ్యా" అన్నారు.

జనరేటరు చూడగానే మన కుర్రవాళ్ళకు ఆశ పుట్టింది. మందిరం బోర్డుకు కలిపేస్తే సర్వీసు వైరు మీదుగా వీధిలో ఇంటికొక బల్బు వెలుగుతుందని ఒకరన్నారు. నలుగురూ బాగుందన్నారు. వైరింగు పని చేసే తమ్ముడొక్కడే అడ్డుపడ్డాడు. మెయిన్ తీయకుండా అలా కలిపితే మన కరెంటు వీధి ట్రాన్స్‌ఫార్మరు దాకా వెనక్కి పోతుందట. మామూలుగా 11,000 వోల్టులను తగ్గించి ఇండ్లకు పంపే ఆ పెట్టె అప్పుడు తలకిందులుగా పనిచేసి, మన 230 వోల్టులను పై తీగల్లోకి వేల వోల్టులుగా పంపగలదట. సబ్‌స్టేషన్‌లో లైను ఆపించుకుని, కరెంటు లేదన్న నమ్మకంతో ఎక్కడో స్తంభమెక్కిన లైన్‌మ్యాన్ చేతికి అది తగులుతుంది.

మేము వద్దన్నాము. జనరేటరును బోర్డుకు కలపకుండా, పొగ ఇంట్లోకి పోకుండా వాకిట్లో పెట్టించి, ఎక్స్‌టెన్షన్ బాక్సు నుండి నేరుగా అవ్వ మిషనుకే వైరు లాగించాము. అది నడిచే ఆ పది నిమిషాల్లో వీధిలో వాళ్ళ ఫోన్లు ఛార్జింగు పెట్టుకోవచ్చు, అంతే. "అయ్యగారికి భయమెక్కువ" అని ఒక యవ్వనస్థుడు మొహం మీదే అన్నాడు. మూడు రోజులు మాతో మాట్లాడలేదు కూడా. వీధంతా చీకట్లో ఉండగా జనరేటరు ఆపించడం మాకూ తేలిక కాలేదు. చంటిబిడ్డలున్న ఇండ్లున్నాయి.

ఆ రాత్రి కొవ్వొత్తి దగ్గర అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం తీశాము. సెమినరీలో ఉన్నప్పుడు ఆ గాలి పేరు ఊరకులోను అనీ, ఓడలో 276 మంది అనీ పరీక్ష కోసం బట్టీపట్టిన అధ్యాయమే. సూర్యుడూ నక్షత్రాలూ కనబడని దినాలు అని చదివినప్పుడు మాత్రం ఈసారి కిటికీ వైపు చూశాము. పద్నాలుగో రాత్రి ఓడవారు లంగరు వేసే నెపంతో చిన్న పడవ దించి జారుకోబోతారు. వీరు ఓడలో ఉంటేనే మీరు బ్రతుకుతారని పౌలు సైనికులతో చెబుతాడు. వాళ్ళు పడవ తాళ్ళు కోసేస్తారు. చేతికందిన పడవ అది! తాళ్ళు కోసిన ఆ సైనికులను ఎంతమంది తిట్టుకున్నారో లూకా రాయలేదు.

తర్వాతి అధ్యాయంలో తడిసి ఒడ్డు చేరిన వారందరికీ ద్వీపవాసులు, వానా చలీ అని, నిప్పు రాజబెడతారు. వారు పౌలు సంఘస్థులు కారు, ఆయన బోధ విన్నవారూ కారు. భాయ్ గోనెసంచి గుర్తొచ్చింది. పౌలు కూడా ఆ మంట ముందు ఊరికే కూర్చోలేదు, పుల్లలు ఏరుకొచ్చాడు. మరుసటి ఉదయం మేము డీజిల్ డబ్బా పట్టుకుని నడిచాము.

నాలుగో రోజు మధ్యాహ్నం లైను వాళ్ళు వచ్చారు. వరిమళ్ళలో మోకాటి లోతు నీళ్ళు, బండి దిగదు. పడిపోయిన స్తంభాల బదులు కొత్తవాటిని మన కుర్రవాళ్ళు, భాయ్ కొడుకులు, అవతలి వీధివాళ్ళు కలిసి భుజాల మీద మోశారు. మాతో మాట్లాడని యవ్వనస్థుడే ముందు పట్టాడు. నిచ్చెన ఆనించాక లైన్‌మ్యాన్ అడిగిన మొదటి మాట: "ఈ వీధిలో జనరేటరేమన్నా ఆడతాండాదా?"

ఆ యవ్వనస్థుడే ఆయన్ను వాకిట్లోకి తీసుకుపోయి, దేనికీ తగిలించని బాక్సును చూపించాడు. లైన్‌మ్యాన్ వైరును వేలితో ఒకసారి ఎత్తి చూసి, తీగలకు ఎర్త్ రాడ్డు తగిలించి, స్తంభమెక్కాడు.

దీపాలు పెట్టే వేళకు కరెంటు వచ్చింది. పిల్లలు కేకలు పెట్టారు. అవ్వ మాత్రం, "ఇంకన్నా ఆ దుడదుడ శబ్దం ఆపమనండి నాయనా, రవ్వంత నిద్రపోతా" అంది.