పీసీ బాంగ్‌లో కూర్చున్న పిల్లలు

దక్షిణ కొరియాలో మేముండే సువోన్ నగరంలో ఏ బజారుకెళ్లినా, ఏ మేడ మీదో నేలమాళిగలోనో ఒక పీసీ బాంగ్ కనిపిస్తుంది. గంటకింత అని కట్టి కంప్యూటర్ గేములు ఆడుకునే చోటు. ఆకలేస్తే తెర మీదే ఆర్డరు పెట్టొచ్చు, పొగలు కక్కే రామ్యన్ నూడుల్స్ గిన్నె కుర్చీ దగ్గరికే వస్తుంది. 1997 ఆర్థిక సంక్షోభంలో ఉద్యోగాలు పోయినవాళ్లు చాలామంది బతుకుతెరువుకని ఇవి పెట్టుకున్నారు. మరుసటి ఏడాదే స్టార్‌క్రాఫ్ట్ అనే గేము వచ్చింది. ఇక వీటికి తిరుగు లేకపోయింది.

మా అబ్బాయి అటు వెళ్తానంటే మొదట్లో నాకు గుండెల్లో రాయి పడేది. ఒకసారి వాడి వెంటే వెళ్లి వెనక నిలబడి చూశాను. లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆడుతున్నారు, అయిదుగురు ఒక జట్టు. అందులో ఒక పిల్లాడు పదే పదే దెబ్బతింటుంటే, ఎటు నుంచి రావాలో, ఎప్పుడు వెనక్కి తగ్గాలో మావాడు గడగడా కొరియన్‌లో చెబుతున్నాడు. క్లాసులో నోరే విప్పడని టీచరు చెప్పిన పిల్లాడు వీడేనా అనిపించింది. ఆటలో పడ్డ కష్టానికి ఫలితం అప్పటికప్పుడు కనిపిస్తుంది. ఓడిపోతే మళ్లీ మొదలుపెట్టొచ్చు. పగలంతా బడి, ఆపైన హాగ్వన్ అనే ట్యూషన్ సెంటర్. సియోల్‌లోనైతే వాటిని రాత్రి 10 గంటలకల్లా మూసేయాలని నిబంధనే పెట్టాల్సి వచ్చింది. అలాంటి రోజులో ఆ కాసేపటి ఆట పిల్లలకి ఎంత ఊరటో, మన కార్పొరేట్ కాలేజీ హాస్టళ్లు చూసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

అన్నానికి పిలిస్తే ఎందుకు లేవరో కూడా అక్కడే అర్థమైంది. ఒక్కో మ్యాచ్ అరగంట దాకా సాగుతుంది. మధ్యలో ఆపి మళ్లీ అందుకునే వీలుండదు. వదిలేసి లేస్తే మిగతా నలుగురూ మునిగిపోతారు, లేచినవాడికి శిక్ష కూడా పడుతుంది. కాబట్టి పిలిచేదేదో మ్యాచ్ మొదలవకముందే పిలవాలి. ఇది తెలిశాక మా ఇంట్లో సగం గొడవలు సద్దుమణిగాయి. అయితే ఇంకో సంగతుంది. ఈ ఆట ఎప్పుడూ మన స్థాయికి దగ్గర్లో ఉన్నవాళ్లతోనే పోటీ పెట్టాలని చూస్తుంది. అందుకే ఓడిన ప్రతిసారీ గెలుపు చేతిదాకా వచ్చి జారిపోయినట్టే ఉంటుంది. ఇంకొక్కటి, ఇంకొక్కటి అనిపించేది అందుకే.

2011లో కొరియా ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. పదహారేళ్లలోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి పొద్దున 6 దాకా ఆన్‌లైన్ గేములు ఆడకూడదు. పిల్లలు ఊరుకుంటారా? అమ్మానాన్నల గుర్తింపు నంబర్లతో లాగిన్ అయ్యారు. ఈలోగా ఆటలు సెల్‌ఫోన్లలోకి వచ్చేశాయి, ఆ చట్టం వాటి జోలికి పోనేలేదు. చివరికి 2022 జనవరి 1 నుంచి దాన్ని ఎత్తేశారు. గేమింగ్ డిజార్డర్‌ను చేర్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా అమల్లోకి వచ్చిందీ సరిగ్గా ఆ రోజే. ఆ జాబితా రోజుకిన్ని గంటలని లెక్క కట్టలేదు. ఆటను అదుపులో పెట్టుకోలేకపోవడం, మిగతా పనులన్నిటికన్నా అదే ముఖ్యమైపోవడం, చేటు జరుగుతున్నా మానలేకపోవడం, మామూలుగా ఇదంతా ఏడాదిపాటు కనిపించడం. అదీ కొలత. నా మటుకు నాకు ఇదే సరైన కొలత. సెలవు రోజున నాలుగు గంటలు ఆడి, నవ్వుతూ ఇంటికొచ్చి అన్నం తినే పిల్లాడి గురించి నాకు బెంగ లేదు.

బెంగపెట్టిన కుర్రాడు వేరు. తిరుపతి నుంచి పీహెచ్‌డీకి వచ్చినవాడు, పండగలకి మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. ల్యాబ్‌కి వెళ్లడం మానేశాడని, పగలు నిద్రపోయి రాత్రంతా ఆడుతున్నాడని తెలిసి గదికి వెళ్లాను. "ఆడుతున్నంతసేపైనా బాగుంటుందా?" అని అడిగాను.

"లేదక్కా. గెలిచినా ఏమీ అనిపించట్లేదు. కానీ లేవలేకపోతున్నా" అన్నాడు.

ఆ మాటతోనే విశ్వవిద్యాలయంలో కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ మొదట ఆట ఊసే ఎత్తలేదట. ఎన్నింటికి పడుకుంటున్నావు, ఎవరితో కలిసి తింటున్నావు, ల్యాబ్‌లో ఏం జరిగింది అని అడిగిందట. ప్రయోగం దెబ్బతిని, పేపరు తిరిగొచ్చి, ఆ సంగతి ఇంట్లో చెప్పుకోలేక ఆ కుర్చీలో కూర్చున్నాడు. నిద్ర దారిలో పడ్డాక ఆట దానంతటదే తగ్గింది. తిరుపతిలో వాళ్లమ్మకి ఫోన్ చేసి పేపరు సంగతి చెప్పడానికి మాత్రం ఇంకా చాలా రోజులు పట్టింది. ఆట మానడం కన్నా అదే కష్టమైందన్నాడు.