లాబురర్ కూలివాడు కాడు

కొన్ని నెలల క్రితం ఒక మిత్రుడు నాకొక చిన్న పని అప్పగించాడు. ఇంగ్లండులో ఆయనతో పనిచేసే ఒకావిడ పూర్వీకులు ఉత్తర ఫ్రాన్సులోని పికార్దీ ప్రాంతం వారట. పద్దెనిమిదవ శతాబ్దపు చర్చి రిజిస్టరులో దొరికిన వివాహపు నమోదు ఒకదానిని ఇంగ్లీషులోకి మార్చిపెట్టమన్నాడు. ఇరవై పంక్తులైనా లేవు. ఒక సాయంత్రం కూర్చుని ముగించి పంపివేశాను. వరుని తండ్రి పేరు పక్కన 'లాబురర్' అని వృత్తి ఉన్నది. నేను నిస్సంకోచంగా 'లేబరర్' అని వ్రాశాను.

వారం తరువాత ఆవిడ కృతజ్ఞతలు అందాయి. తాము కూలివారి సంతతి అని తెలిసి ఎంతో గర్వపడ్డదట. అచ్చు వేయించబోయే కుటుంబ చరిత్రకు అదే తొలి వాక్యమట. నాకూ సంతోషమే కలిగింది. ఆ సంతోషంలోనే నమోదును మరొకసారి తెరిచి చూశాను.

అడుగున ఆ తండ్రి స్వదస్తూరీతో సంతకం చేసి ఉన్నాడు. ఆ కిందనే మరొక సాక్షి, చదువు రానివాడు, సిలువగుర్తు పెట్టాడు. అతని వృత్తి 'మానూవ్రియే'. అదీ కూలివాడే. మరి ఒకే కాగితంలో కూలికి రెండు మాటలెందుకు?

అప్పుడు పుస్తకాలు తిరగవేశాను. ఫ్రెంచిలో 'లాబురే' అంటే దున్నడం. ప్రాంతాన్ని బట్టి ఈ మాట విలువ మారుతుంది గాని, ఉత్తర ఫ్రాన్సు మైదానాలలో లాబురర్ అంటే సొంత నాగలి, దానిని లాగే గుర్రాలు గలవాడు. ఊరిలో పెద్దమనిషి. మానూవ్రియేకు ఉన్నవి రెండు చేతులే. తన చిన్న చెక్కను దున్నుకోవడానికి లాబురర్ గుర్రాలను అడిగి, ఆ ఋణాన్ని కోతల కాలంలో ఒళ్లు వంచి తీర్చేవాడు. 1668లో వెలువడిన లా ఫొంతేన్ నీతికథలలో ఒక లాబురర్ అవసానకాలంలో బిడ్డలను పిలిచి, పిత్రార్జితమైన భూమిని అమ్మవద్దంటాడు. ఆ కథ నాకు తెలియనిది కాదు. కూలివాడికి పిత్రార్జితమెక్కడిదన్న ప్రశ్న మాత్రం ఆ సాయంత్రం నాకు తట్టలేదు.

తప్పు తెలిసింది గాని ఒప్పు దొరకలేదు. 'ప్లౌమన్' అందామంటే, ఇంగ్లీషు చదువరికి పరుల పొలం దున్ని అలసి ఇల్లు చేరే జీతగాడు కనిపిస్తాడు. 'యోమన్' అంటే ఆ ఫ్రెంచి రైతు ఇంగ్లండు చట్టపు హక్కులతో సహా ఇంగ్లీషువాడైపోతాడు. 'పెజంట్' అంటే ఇద్దరూ ఒకే గాటన పడతారు.

విచిత్రమేమంటే, తెలుగులో నాకీ ఇబ్బంది లేదు. మా తాతగారు ఒక రైతు స్థితిని ఎకరాలలో చెప్పేవారు కాదు; "నాలుగరకల సేద్యం వాళ్లది" అనేవారు. ఫ్రెంచివారూ కమతాన్ని ఇన్ని నాగళ్లదని లెక్కించేవారట. మోతుబరి అన్న మాట నా నోటనే ఉన్నది. చేరవలసిన భాషలో మాత్రం లేదు.

చివరకు లాబురర్‌ను అలాగే ఉంచి, పక్కన 'సొంత అరకలు గల పెద్ద రైతు' అన్న అర్థం వచ్చేలా నాలుగు మాటలు చేర్చాను. క్షమాపణతో ఆవిడకు ఉత్తరం వ్రాశాను. గర్వపడిన మనిషికి ఆ గర్వం నా పొరపాటని చెప్పడం సులభం కాలేదు.

ఆవిడ జవాబు ఒక్క ప్రశ్న: "మరి, ఆ సిలువగుర్తు పెట్టినవాడు ఎవరు?"

నా మొదటి అనువాదంలో అతనూ 'లేబరర్' అనే ఉన్నాడు. అతనికున్న ఒకే ఒక్క పేరును అతని యజమాని వంటివాడికి కూడా పంచిపెట్టి, అతనిని కనబడకుండా చేసినవాడిని నేనే. పోయినది ఆవిడ గర్వమొక్కటే కాదని అప్పుడు అర్థమయింది.