మా మనవడి పాము

పాముకు తిండి పెట్టడానికి బందరు నుంచి డాలస్ దాకా వెళ్ళినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణేనేమో! నిజానికి మేము వెళ్ళింది మనవణ్ణి చూద్దామని. తీరా వెళ్ళేసరికి ఆ పదేళ్ళవాడు మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు.

"తాతయ్యా, బుజ్జిగాడు ఆరు వారాలనుంచి ఏమీ తినడంలేదు" అన్నాడు.

బుజ్జిగాడంటే పక్కింటి పిల్లవాడనుకున్నాను. చూద్దును గదా, గాజుపెట్టెలో చుట్ట చుట్టుకుని ఉన్నాడు!

నా కాళ్ళు చల్లబడ్డాయి. నేను దివిసీమలో పుట్టినవాణ్ణి. వరి కోతలకు వెళ్ళి రక్తపింజర కాటుకు పోయినవాళ్ళను ఎరుగుదును. కాని ఇది విషంలేని చిన్న కొండచిలువ. పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. బెదిరితే తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది కనక 'బాల్ పైథాన్' అన్నారు. దాని తిండి ఎలుకలు. కొట్లో కొన్న ఎలుకలు గడ్డకట్టి మా కోడలి ఫ్రీజరులో ములక్కాడల పక్కనే ఉండేవి. అవి చూసి మా ఆవిడ రెండు రోజులు వంటింటి గడప తొక్కలేదు. మూడోనాటికి ఆవిడకే జాలి వేసి, "మోపిదేవి స్వామికి మొక్కుకుని గిన్నెడు పాలు పెట్టరాదూ" అంది.

"పాములకు పాలు అరగవు నానమ్మా" అన్నాడు మనవడు.

వాడు రోజూ పట్టకారుతో ఎలుకను దాని మూతిముందు ఆడించేవాడు. ఒళ్ళో పెట్టుకుని బతిమాలేవాడు. అది మరింత ముడుచుకునేది.

చివరకు పాముల వైద్యుడికి చూపించాం. ఆయన తూచి, నోరు చూసి, "జబ్బు లేదు, బెదురు. ఆరోగ్యంగా ఉన్నది నెలల తరబడి పస్తుండగలదు. బరువు బాగా తగ్గితే తీసుకురండి. అందాకా దాన్ని ముట్టుకోకండి. ఒళ్ళు ఒరుసుకునేటంత ఇరుకు గూళ్ళు రెండు పెట్టండి. ఒకవైపు 32 డిగ్రీల వెచ్చదనం, రెండోవైపు 27 ఉండాలి. వారానికి ఒక్కసారే, రాత్రిపూట తిండి చూపించండి" అన్నాడు.

ఆ మాటలు వింటుంటే నాకు గుడివాడలో అమ్మమ్మగారి ఇల్లు గుర్తుకొచ్చింది. 1977 నవంబరు 19 ఉప్పెనలో మా చెల్లెలు అమ్మ చేతిలోంచే కొట్టుకుపోయింది. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. మమ్మల్ని గుడివాడ తీసుకెళ్ళారు. అమ్మ మెతుకు ముట్టలేదు. వచ్చినవాళ్ళందరూ ముద్ద కలిపి నోటిదగ్గర పెట్టడమే! అమ్మ గోడవైపు తిరిగి ముడుచుకుపోయేది. నాలుగోనాడు అమ్మమ్మ అందర్నీ బయటికి పంపి, తలుపు ఓరగా వేసి, గిన్నెలో వేడి గంజి పోసి, మూతపెట్టి వచ్చేసింది. తెల్లారి చూస్తే గిన్నె ఖాళీ.

ఆ కథ మనవడికి చెప్పాను. వాడేమీ మాట్లాడలేదు. లేచి వెళ్ళి గాజుపెట్టెకు మూడువైపులా నల్లకాగితం అంటించాడు.

మొదటి వారం ఫలితం లేదు. వాడి కళ్ళనిండా నీళ్ళు. రెండో వారం రాత్రి, ఎలుకను కరగబెట్టి, వేన్నీళ్ళలో వెచ్చచేసి, గూటిముందు వదిలి, దీపం ఆర్పి ఇద్దరం వసారాలో కూర్చున్నాం. పాము కోసం నేను కాపలా కాయడం! దివిసీమలో వింటే నవ్వరూ?

పొద్దున చూస్తే ఎలుక లేదు. వాడు గంతేసి పెట్టె మూత తీయబోయాడు.

"ఆగరా నాన్నా! రెండు రోజులు కదిలించకు, కక్కేస్తుంది" అన్నాను. "ఆనాడు అమ్మమ్మ గిన్నె కడిగి బోర్లించిందేగాని, అమ్మను 'తిన్నావా' అని కూడా అడగలేదు."

వాడు మూత మెల్లగా దించి, మునివేళ్ళమీద నడుచుకుంటూ బయటికి వచ్చేశాడు.