ఉప్పు తీసినంక మిగిలే నీళ్లు

భీమ్‌గల్ అన్నలారా, దుంప ఊరేటప్పుడు పసుపు పొటాష్ ఎంత లాగుతదో మీకు చెప్పనక్కర్లేదు. మనం వేసే ఎర్ర పొటాష్ దాదాపు మొత్తం బయటి దేశాలదే. 2022లో రష్యా-ఉక్రెయిన్ యుద్ధమప్పుడు బస్తా ధర ఎట్ల పెరిగిందో చూసినం గదా.

మరి సముద్రంలో పొటాష్ లేదా? ఉంది. కానీ లీటరు నీళ్లల్ల ఉప్పులన్నీ కలిపి 35 గ్రాములైతే, పొటాషియం 0.4 గ్రామే. నేరుగా తీస్తే గిట్టదు. ఉప్పు మడుల్లో ఉప్పు గట్టిపడ్డంక మిగిలే చేదు నీళ్లల్ల అది చిక్కబడి ఉంటది. 1954లో గుజరాత్‌లోని భావనగర్‌లో పెట్టిన కేంద్ర ఉప్పు పరిశోధన సంస్థ ఆ నీళ్ల నుంచి తెల్ల పొటాష్ తీసే పద్ధతి తయారుచేసింది. దేశమంతా సరిపోయేంత రాదు, నిజమే. అయినా పారబోసే నీళ్ల మీద సర్కారు ఇంకా ఖర్చు పెట్టాలె అని నేనంట.

అట్లని సముద్రపు ఉప్పు తెచ్చి చేన్ల చల్లేరు! సోడియం నేలను గట్టిపరుస్తది.