వంతులవారీ వెలుగులు

తిరువూరు పరిసరాలు మామిడితోటలకు నెలవు. ఆ ఊరి తరగతి గదిలో ఎల్‌ఈడీ దీపాల చిన్న ప్రొజెక్టరును వెలిగించి, గోడపై బంగినపల్లి పండు బొమ్మను నిలిపితే పసిమి పండు, పచ్చని ఆకు కన్నులకింపుగా కనిపిస్తాయి. ఆ వెలుగుకు అడ్డంగా ఒక విద్యార్థి చేతివేళ్లను వేగంగా ఊపితే మాత్రం నీడల అంచులలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా తొంగిచూస్తాయి. బొమ్మలో లేని ఈ రంగులు ఎక్కడివి?

అవి మొదటినుండీ ఉన్నవే. యంత్రంలోని మూడు రంగుల దీపాలు ఒకేసారి వెలగవు. ఒకదాని తరువాత ఒకటి, రెప్పపాటుకన్నా వేగంగా వంతులు మార్చుకుంటాయి. వాటి ఎదుట గోరంత ఫలకంపై లక్షలాది సూక్ష్మదర్పణాలు ఉంటాయి. ఒక్కొక్కటి తలవెంట్రుకకన్నా సన్నం. 1987లో అమెరికాలోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో లారీ హార్న్‌బెక్ రూపొందించిన సాధనమిది. ఎర్రదీపం వెలిగినప్పుడు ఆ అద్దాలు చిత్రంలోని ఎరుపు పాలును మాత్రమే తెరకు పంపి, తక్కిన వెలుగును పక్కకు మళ్లిస్తాయి. అద్దం ఎంతసేపు తెరవైపు వాలితే ఆ చోట అంత కాంతి. ఎరుపు, ఆకుపచ్చ వంతులలో వెలిగిన పండు నీలపు వంతులో దాదాపు చీకటైపోతుంది. మూడు బొమ్మలలో ఏ ఒక్కటీ మామిడిపండు కాదు. అవి గోడమీద ఎన్నడూ కలవవు. చూచేవాని కంటిలోనే కలుస్తాయి. (పెద్ద సినిమాహాళ్ల యంత్రాలలో రంగుకొక ఫలకం ఉండటం కద్దు. అక్కడ ఈ వంతుల శ్రమ లేదు.)

వెలుగును అడ్డి బొమ్మ కట్టడం తెలుగువారికి కొత్త విద్య కాదు. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలోనే తోలుబొమ్మలాట ప్రస్తావన ఉన్నది. మేకతోలును దీపకాంతి చొరబడేంత పలుచగా గీకి, రంగులద్ది, నగలున్నచోట రంధ్రాలు పొడిచేవారు. అక్కడ దీపం నిలకడ, తోలు చలనం. రంగులన్నీ ఒక్కసారే తెరకు దిగేవి. ఆ ఆముదపు దీపం ముందు ఎంత వేగంగా వేళ్లు ఊపినా నల్లని నీడ తప్ప మరేమీ విడివడదు. పైగా బొమ్మను ఆడించే చేతి వెనుక పాడే గొంతు ఒకటి ఉండేది. అద్దాల ఫలకానికి ఆ భాగ్యం లేదు.

2020లో పద్మశ్రీ పురస్కారం పొందిన దళవాయి చలపతిరావుది శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంట. ఆటకు పిలిచేవారు తగ్గగా, ఆ ఊరి కళాకారులు అదే తోలుతో, అవే రంగులతో దీపాలకు గొడుగులు చేయసాగారు. దీపం ముందు ఆడిన బొమ్మ ఇప్పుడు దీపం చుట్టూ కదలక మెదలక నిలిచి ఉంటున్నది.