మైపాడు తీరానికి తగిన క్యాంపర్ వ్యాన్

పడక, వంట, నీళ్లు, కరెంటు అన్నీ లోపలే ఉన్న బండి క్యాంపర్ వ్యాన్. ఫోర్స్ ట్రావెలర్, టాటా వింగర్ లాంటి వ్యాన్లను కొని వడ్రంగి సాయంతో సొంతంగా అలా మార్చుకోవచ్చు. తెలుగునాట వ్యానునే మకాంగా చేసుకున్న సందర్భాల్లో బాగా పేరొందినది ఎన్టీ రామారావు చైతన్య రథం. 1982లో పాత షెవర్లే వ్యానును ఎన్నికల ప్రచారానికి అనువుగా మార్పించారు, ఆయన కుమారుడు హరికృష్ణ నడిపారు. పైకప్పు ఉపన్యాస వేదిక, లోపలి భాగం విశ్రాంతి స్థలం. పనిని బట్టి అమరిక అన్న సూత్రం సొంత వ్యానుకూ వర్తిస్తుంది.

నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా మైపాడు తీరం సుమారు 25 కిలోమీటర్లు. వరి మళ్లు, రొయ్యల గుంటలు దాటితే సముద్రం. వేసవిలో 40 డిగ్రీలు దాటే వేడి, ఉప్పుగాలి, చక్రాలు దిగబడే ఇసుక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుపాన్లు: ఇక్కడ ఆగే వ్యాను ఈ నాలుగింటినీ తట్టుకోవాలి.

ముందుగా పడక స్థానం తేలాలి, ఎక్కువ చోటు అదే తీసుకుంటుంది. లోపలి వెడల్పు ఐదున్నర అడుగులైతే అడ్డంగా వేసిన మంచం మీద పొడగరి కాళ్లు చాపలేడు. నిలువుగా ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పుతో వేస్తే ఇద్దరు పడుకోగా నడవకు అడుగున్నర మిగులుతుంది. గోడలకు, కప్పుకు వేడిని ఆపే పొర వేసి, దానిమీద ప్లైవుడ్ బిగించాక లోపలి వెడల్పు మూడు నాలుగు అంగుళాలు తగ్గుతుంది. అందుకే ఆ మందం కూడా లెక్కవేసి, షెడ్డు నేలమీద సుద్దముక్కతో అసలు సైజులో గీసి, ఆ గీతల మధ్య పడుకుని, వంగి, తిరిగి చూడాలి. కాగితం మీది ప్లాను కన్నా ఈ గీతలు ఎంతో నిజాయితీగా లోపాలు చెబుతాయి.

వంట చోటు ఎప్పుడూ తలుపు పక్కనే ఉండాలి. మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు, పక్క తలుపు ఎడమవైపు ఉంటుంది. పొయ్యి ఆ తలుపు దగ్గరో, వెనక తలుపు దగ్గరో ఉంటే చేపల పులుసు, తాలింపు వాసనలు పరుపుకు పట్టవు. గ్యాసు గాలికన్నా బరువు కాబట్టి లీకైతే నేలమీదే పరుచుకుంటుంది. సిలిండరు అరకు అడుగున బయటికి రంధ్రం తప్పనిసరి.

లీటరు నీళ్లు కిలో బరువు. మనిషికి రోజుకు పది లీటర్ల చొప్పున ఇద్దరికి మూడు రోజులకు 60 కిలోలవుతుంది. నీళ్ల ట్యాంకు, బ్యాటరీ రెండు ఇరుసుల మధ్య, నేలకు దగ్గరగా ఉండాలి, కుడి ఎడమల బరువు సమానంగా పడాలి. బరువంతా వెనక్కి చేరిన బండి ఇసుకలో ముందుగా ఇరుక్కుపోతుంది.

12 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీలో సుమారు 1.2 యూనిట్ల కరెంటు నిల్వ ఉంటుంది. చిన్న ఫ్యాను, లైట్లు, బుల్లి ఫ్రిజ్ ఒక రోజంతా నడుస్తాయి. కిలోవాటు ఏసీ మాత్రం సుమారు గంటలో దాన్ని ఖాళీ చేసేస్తుంది. కాబట్టి తీరంలో ఏసీ కన్నా ఎదురెదురు కిటికీలు, కప్పులో గాలి బయటికి లాగే ఫ్యాను మేలు. పడక తల వైపు కిటికీకి దోమతెర ఉండాలి.

ఉప్పుగాలి తగిలేచోట మామూలు ప్లైవుడ్ ఉబ్బుతుంది, ఇనుప స్క్రూలు తుప్పు పడతాయి. ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్, స్టెయిన్‌లెస్ స్టీలు కబ్జాలు, బోల్టులు వాడాలి. ఖర్చు పెరుగుతుంది, అయినా ఇక్కడ పొదుపు పనికిరాదు.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. సీట్లు తీసి మంచం బిగించినా అది మార్పే అవుతుంది. మొదటి స్క్రూ బిగించకముందే ప్లానుతో రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లి అనుమతి సంగతి తేల్చుకోండి.