మంద వెంట నడిచే కరెంటు

చిన్న సోలార్ ప్యానెల్‌తో బ్యాటరీ నింపే పనిలో అసలు లెక్క వాట్లది కాదు, వోల్టులది. ప్యానెల్ వోల్టేజీ బ్యాటరీ వోల్టేజీ కన్నా పైన ఉన్నంతసేపే కరెంటు బ్యాటరీలోకి పారుతుంది. ఆ తేడా దారిలో కరిగిపోతే ప్యానెల్ రోజంతా ఎండలో ఉన్నా బ్యాటరీ నిండదు. అనంతపురంలో గొర్రెల కాపరులకు, వేరుశనగ చేలల్లో అడవిపందుల కోసం రాత్రి కావలి ఉండేవారికి, తోపుడుబండ్ల వారికి మోసుకెళ్లే బ్యాటరీ పెట్టెలు చేసే ఓ చిన్న వర్క్‌షాపులో పనంతా ఆ తేడాను కాపాడటానికే.

రేకుల గదిలో ఒక పొడవాటి బల్ల, దానిమీద మల్టీమీటర్లు, సోల్డరింగ్ ఐరన్లు, వాకిట్లో ఎండకు పరిచిన ప్యానెళ్లు. మేం వెళ్లిన పొద్దున వచ్చిన ఓ కాపరి నేరుగా పెద్ద ప్యానెల్ కావాలన్నాడు. మేస్త్రీ ప్యానెల్ మాట ఎత్తకుండా, "రాత్రికి ఏమేం కావల్లన్నా?" అని అడిగాడు. అక్కడ లెక్క రాత్రి నుంచి పగటికి నడుస్తుంది. 5 వాట్ల బల్బు 6 గంటలకు 30 వాట్-అవర్లు, రెండు సెల్‌ఫోన్లకు సుమారు 40, మొత్తం 70. మబ్బు పట్టిన రోజు కూడా గడవాలంటే దానికి రెట్టింపు నిల్వ కావాలి. 12.8 వోల్టుల, 12 ఏహెచ్ (ఆంపియర్-అవర్) లిథియం ప్యాక్‌లో 153 వాట్-అవర్లు పడతాయి కాబట్టి అది సరిపోతుంది.

ప్యానెల్ దగ్గర లెక్క కాస్త తిరకాసు. అనంతపురం ఎండ ఏడాది సగటున రోజుకు 5 గంటల పైచిలుకు పూర్తి ఎండతో సమానం. నంబులపూలకుంటలో భారీ సోలార్ పార్కు వెలసిందీ ఈ ఎండను చూసే. కాగితం మీద 20 వాట్ల ప్యానెల్ రోజుకు 100 వాట్-అవర్లు ఇవ్వాలి. కంట్రోలర్‌లో, తీగల్లో, దుమ్ములో పోయింది పోగా చేతికందేది 60 అటూ ఇటూ. ఈ కాపరికి ఒక్కటి చాలదు. 40 వాట్లది ఒకటి ఇవ్వవచ్చు గానీ, ఈ వర్క్‌షాపులో 20 వాట్లవి రెండు ఇస్తారు. మంద వెంట సామాను మోసే గాడిదకు చెరోపక్క ఒకటి కట్టుకోవచ్చు, ఒకటి పగిలినా రెండోది మిగులుతుంది.

"12 వోల్టుల ప్యానెల్" అని సంతలో అమ్మేదానికి లోపల 36 సెల్స్ ఉంటాయి. లోడు మీద అది ఇచ్చేది 18 వోల్టులు, ఏమీ తగిలించకుండా మీటరు పెడితే 22 దాకా చూపిస్తుంది. పేరుకు 12 అయిన దానికి 18 ఎందుకంటే, బ్యాటరీ నిండే చివరి దశలో 14.4 వోల్టులు కావాలి. పైగా లేబుల్ మీది అంకెలు 25 డిగ్రీల వద్ద కొలిచినవి. వేసవి మధ్యాహ్నం సెల్ వేడి 65 డిగ్రీలు దాటుతుంది, డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున వోల్టేజీ పడిపోతుంది. 18 కాస్తా 15 అవుతుంది. మిగిలింది అర వోల్టు పైచిలుకు. సన్నటి కాలింగ్ బెల్ తీగ 5 మీటర్లు లాగితే, రానూపోనూ 10 మీటర్లలో రెండు ప్యానెళ్ల కరెంటుకు 0.8 వోల్టు అక్కడే పోతుంది. చివరి దశలో బ్యాటరీ నిండటం మందగిస్తుంది, కొన్నవారు ప్యానెల్‌ను తిట్టుకుంటారు. అందుకే ఇక్కడ 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ తప్ప మరొకటి వాడరు. 5 వోల్టుల మడత ప్యానెల్‌ను 12 వోల్టుల బ్యాటరీకి నేరుగా తగిలించి నిండలేదని తెచ్చేవారూ ఉన్నారు. అది ఎన్నటికీ నిండదు. రెండు ప్యానెళ్లను సమాంతరంగానే కలుపుతారు: వోల్టేజీ అంతే ఉంటుంది, కరెంటు రెట్టింపవుతుంది.

చార్జ్ కంట్రోలర్లలో రెండు రకాలు. పీడబ్ల్యూఎం చవక. అది ప్యానెల్‌ను బ్యాటరీ వోల్టేజీకి దించేస్తుంది కాబట్టి, 1.1 ఆంపియర్లు 13 వోల్టుల దగ్గర పారి 20 వాట్లలో 14 మాత్రమే దక్కుతాయి. ఎంపీపీటీ ఆ అదనపు వోల్టులను ఆంపియర్లుగా మార్చి ఇస్తుంది. పుస్తకాలు రెండోదాన్నే మెచ్చుకుంటాయి. ఈ ఎండల్లో ఆ మెప్పు సగమే నిజం: ప్యానెల్ కాగి వోల్టేజీ 15కు పడ్డాక ఎంపీపీటీకి మిగిల్చేందుకు పెద్దగా ఏమీ ఉండదు. వేడి తినేది పీడబ్ల్యూఎం ఎలాగూ పారబోసే వోల్టులనే. 40 వాట్ల లోపు పెట్టెకు ఖరీదైన కంట్రోలర్ దండగ. ఆ డబ్బుతో మరో చిన్న ప్యానెల్ కొనడం మేలు.

కలిపే వరుస మాత్రం తప్పకూడదు. ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్. చాలా కంట్రోలర్లు బ్యాటరీని చూసే అది 12 వోల్టులదా 24దా తేల్చుకుంటాయి. బ్యాటరీ లేకుండా ప్యానెల్ తగిలిస్తే కొన్ని కాలిపోతాయి.

పాత పెట్టెల్లో 7 ఏహెచ్ సీల్డ్ లెడ్ బ్యాటరీలే ఉండేవి. వాటిని సగానికి మించి వాడితే త్వరగా చెడతాయి, సగం నింపి వదిలేస్తే పలకల మీద సల్ఫేట్ పేరుకుపోతుంది. ఇప్పుడంతా లిథియం ఐరన్ ఫాస్ఫేట్. 1997లో టెక్సస్ విశ్వవిద్యాలయం నుంచి గుడ్‌ఎనఫ్, పాధి, నంజుండస్వామి ప్రకటించిన పదార్థం ఇది. బరువు తక్కువ, వేల చార్జింగులకు ఆగుతుంది. ఒక్కో సెల్ 3.2 వోల్టులు, నాలుగు వరుసగా కలిపితే 12.8. ఏ సెల్లూ 3.65 దాటకుండా, మరీ ఖాళీ కాకుండా లోపలి బీఎంఎస్ అనే రక్షణ సర్క్యూట్ కాపలా కాస్తుంది. కంట్రోలర్‌ను లెడ్ బ్యాటరీ సెట్టింగ్‌లో వదిలేస్తే ఈక్వలైజింగ్ పేరుతో ఎక్కువ వోల్టేజీ పంపుతుంది, బీఎంఎస్ కరెంటును తెంచేస్తుంది. బయటికి మాత్రం బ్యాటరీ చచ్చిపోయినట్టే కనిపిస్తుంది. 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జింగ్ ఈ సెల్స్‌కు మంచిది కాదు. ప్యానెల్ ఎండలో, పెట్టె నీడలో ఉండాలి, అదీ ప్యానెల్ కింద కాదు, అక్కడ సెగ ఎక్కువ.

ప్యానెల్‌ను దక్షిణానికి 15 డిగ్రీలు వాల్చమంటారు. అనంతపురం అక్షాంశం 14.7 గనుక మే మొదటి వారం నుంచి ఆగస్టు రెండో వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరానికి జరిగి ఉంటాడు. ఆ నెలల్లో దాదాపు బల్లపరుపుగా పరిచినా నష్టం లేదు, కాకపోతే దుమ్ము ఆగుతుంది. నీడ విషయంలో మినహాయింపు లేదు. 36 సెల్స్ ఒకే వరుస కాబట్టి తుమ్మకొమ్మ నీడ ఒక్క సెల్ మీద పడినా మొత్తం కరెంటు తగ్గుతుంది. చాలా చిన్న ప్యానెళ్లలో దాన్ని దాటవేసే బైపాస్ డయోడ్ ఉండదు.

రిపేరుకు వచ్చే పెట్టెల్లో బ్యాటరీ పోయినవి తక్కువ. తుప్పు పట్టిన క్లిప్పులు, వదులైన స్క్రూలు, గొర్రెలు తొక్కి తెగిన తీగలే ఎక్కువ. పాత లెడ్ బ్యాటరీలను తూకానికి డీలర్‌కు తిరిగిస్తారు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులది. లిథియం ప్యాక్‌ను విప్పి నాలుగు సెల్స్‌నూ విడివిడిగా నింపి, ఖాళీ చేసి కొలుస్తారు. కెపాసిటీ దగ్గరగా ఉన్నవాటిని జత చేసి సెల్‌ఫోన్ చార్జింగ్ పెట్టెల్లోకి మళ్లిస్తారు, ఉబ్బినవాటిని వేరే డబ్బాలో పెట్టి రీసైక్లింగ్‌కు పంపుతారు.